ఎక్కడి దాకా వచ్చి ఆగింది?

"లాప్‌టాప్ ఆన్ అవట్లేదు, ఏమై ఉంటుందంటావ్?"

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అని తెలిసిన దగ్గర్నుంచీ చుట్టాలు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇది. జీతమెంత అన్నది రెండోది. నేను రోజంతా చేసేది ఎక్కడో సర్వర్లలో నడిచే కోడ్ రాయడం. దానికీ లాప్‌టాప్ రిపేరుకీ ఉన్న సంబంధం, వంట బాగా చేయడానికీ గ్యాస్ స్టవ్ బాగుచేయడానికీ ఉన్నంతే. అయినా అడుగుతారు. అడిగితే నాకూ సరదాగానే ఉంటుంది.

కాకపోతే "ఆన్ అవట్లేదు" అన్న మాటలో సమాచారం ఏమీ లేదు. "ఒంట్లో బాలేదు" అన్నట్టే. జ్వరమా, కడుపునొప్పా, కాలు బెణికిందా? అందుకే నేను తిరిగి ఒకటే అడుగుతాను. ఎక్కడి దాకా వచ్చి ఆగింది?

బటన్ నొక్కిన క్షణం నుంచి డెస్క్‌టాప్ కనబడేదాకా లాప్‌టాప్ మెట్లెక్కినట్టు వస్తుంది. ముందు కరెంటు అందాలి. తర్వాత మదర్‌బోర్డు మీద చిన్న చిప్‌లో ఉండే బయాస్ అనే ప్రోగ్రాం లేచి ర్యామ్ ఉందా, కీబోర్డు ఉందా, డిస్క్ ఉందా అని హాజరు తీసుకుంటుంది. కంపెనీ లోగో కనబడేది అప్పుడే. ఆ తర్వాత డిస్క్‌లో నిద్రపోతున్న విండోస్‌ని లేపుతుంది. ఏ మెట్టు మీద ఆగిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే, దాని కింది మెట్లన్నీ బాగున్నట్టే కదా.

ఒక్క లైటు కూడా వెలగకపోతే ప్లగ్గు, చార్జరు చూడాలి. బ్యాటరీ ఊడదీసే రకమైతే తీసేసి, చార్జర్ కూడా పీకేసి, పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కి పట్టుకుని, మళ్లీ ఒట్టి చార్జర్‌తో ప్రయత్నించాలి. నమ్మరు గానీ చాలాసార్లు లేస్తుంది. బ్యాటరీ ఉబ్బి కింది మూత పైకి లేచినట్టుంటే మాత్రం ఇంట్లో ఏ ప్రయోగమూ వద్దు. లిథియం బ్యాటరీ అది, పొడిచినా నొక్కినా అంటుకుంటుంది. లైటు వెలిగి, ఫ్యాన్ తిరిగి, తెర మాత్రం నల్లగా ఉంటే క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే లోపల ప్రాణం ఉంది, చూపు పోయిందంతే. చీకట్లో తెర మీదకి ఫోన్ టార్చ్ వేస్తే మసకగా అక్షరాలు కనబడతాయి. లేదా టీవీకి కేబుల్ పెట్టి చూడొచ్చు. క్యాప్స్ లాక్ కూడా పలకకపోతే ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి పెట్టడం మన రిపేరు షాపుల పాత చిట్కా. బాగానే పనిచేస్తుంది.

లోగో వచ్చి, ఆ తర్వాత ఆగిపోయిందా? అసలు ప్రమాదం ఇక్కడుంది. యంత్రానికి కాదు, మీ ఫైళ్లకి. ఎందుకంటే ఈ మెట్టు దగ్గరే ఎవరో ఒకరు "ఫార్మాట్ కొట్టేద్దాం" అంటారు.

మా పెదనాన్నతోనూ అన్నారు.

పెదనాన్నకి గుడివాడలో డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, పెద్దకర్మ కార్డులు, ఎన్నికలొస్తే కరపత్రాలు. ఊళ్లో జనం పుట్టడం తప్ప తక్కినవన్నీ ఆయన టేబుల్ మీదుగానే వెళ్తాయని మా నాన్న జోకు. వాటన్నిటినీ మోసేది 2009లో కొన్న ఒక లాప్‌టాప్. అందులో విండోస్ ఎక్స్‌పీ. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసిందే 2014లో. ఎక్స్‌పీ మీద పేజ్‌మేకర్ 7, అది 2001 నాటిది. దాని మీద అను ఫాంట్లు. బ్యాటరీ చచ్చిపోయి ఏళ్లయింది, ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంటుంది. నెట్ కనెక్షన్ ఇవ్వలేదు, ఇవ్వనివ్వడు.

కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటారు. నేనూ అన్నాను. కొన్నాడు కూడా, అది బిల్లులకి, వాట్సాప్‌లో ప్రూఫులు పంపడానికి వాడతాడు. డిజైను మాత్రం పాతదాంట్లోనే. దీనికి కారణం మొండితనం ఒక్కటే కాదు. మీరు ఫోన్‌లో తెలుగు టైప్ చేస్తే అది యూనికోడ్. ఎవరి ఫోన్‌లో తెరిచినా "అ" అంటే "అ"నే. అను ఫాంట్లలో అలా కాదు. ఫైల్లో నిజానికి దాగి ఉండేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కోడ్‌లు. ఆ ఫాంటు వాటికి తెలుగు ముఖం తొడుగుతుంది, అంతే. ఫాంటు లేని కంప్యూటర్లో పెట్టారా, "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అని ఉండాల్సిన చోట పిల్లి కీబోర్డు మీద నడిచినట్టు కనబడుతుంది. అంటే పదహారేళ్ల పని చదవాలంటే ఫైళ్లొక్కటే ఉంటే చాలదు. ఆ ఎక్స్‌పీ, ఆ పేజ్‌మేకర్, ఆ ఫాంట్లు అలాగే ఉండాలి. ఫార్మాట్ కొడితే పోయేది ఆ కూర్పు మొత్తం.

2025 సంక్రాంతికి షాపు వారం రోజులు మూశారు. పుష్యమాసం, పెళ్లిళ్లు లేవు, అందరూ పల్లెలో. సంక్రాంతికి రెండ్రోజుల ముందు ఒకావిడ షాపుకి వచ్చింది. కూతురి పెళ్లి, మాఘమాసంలో ముహూర్తం. భర్త పోయి ఎనిమిదేళ్లు. ఆయన పెద్దకర్మ కార్డు పెదనాన్నే వేశాడు. ఇప్పుడు పెళ్లి కార్డు మీద "కీర్తిశేషులు ఫలానా గారి దివ్య ఆశీస్సులతో" అని ఆయన ఫొటో రావాలి. ఇంట్లో ఫొటోలు లేవు. వాళ్లు ఉండేది విజయవాడ సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు ముంచినప్పుడు బీరువా కింది అరలో ఉన్న ఆల్బమ్ నీళ్లలో నాని ముద్దయింది. గోడకున్న ఫ్రేమ్ కూడా పోయింది. పెద్దకర్మ కార్డు ఒక చుట్టం దగ్గర దొరికింది.

దాన్నే స్కాన్ చేస్తే సరిపోదా? పెదనాన్న కూడా అదే అడిగాడట. ఆవిడ ఆ కార్డు ముందు పెట్టి, "ఇది చూడండి అన్నయ్యగారూ, ఈయన ఎప్పుడైనా కోటు వేసుకున్నాడా?" అందట.

మీకు తెలిసిందే కదా. మన ఊళ్లలో పోయినవాళ్లందరికీ ఫొటోషాప్‌లో నల్లకోటు, ఎర్ర టై తొడుగుతారు. బతికినన్నాళ్లూ లుంగీ, బనీనులో తిరిగిన మనిషి ఫ్లెక్సీలో బ్యాంకు మేనేజర్‌లా కనబడతాడు. మర్యాద అని వాళ్ల ఉద్దేశం. ఆవిడకి కోటు లేని ఫొటో కావాలి. అప్పట్లో తెచ్చిచ్చిన ఒరిజినల్‌ని స్కాన్ చేసిన ఫైలు.

"నా దగ్గర ఉంటుందమ్మా, నేనేదీ డిలీట్ చెయ్యను. పండగ వెళ్లాక రా," అన్నాడు పెదనాన్న. లైట్లు, ఫ్యాన్లు, ఇన్వర్టరు, మెయిన్ స్విచ్ అన్నీ ఆపి, ప్లగ్గులన్నీ పీకి, తాళం వేసుకుని వెళ్లాడు.

పండగ వెళ్లి షాపు తెరిస్తే లాప్‌టాప్ ఆన్ అవలేదు.

తెలిసిన టెక్నీషియన్ వచ్చి చూశాడు. "హార్డ్ డిస్క్ కొట్టేసింది బాబాయ్. ఫార్మాట్ చేసి విండోస్ టెన్ వేద్దాం, స్పీడ్ కూడా పెరుగుతుంది," అన్నాడు. ఎనిమిది వందలు. ఆ రాత్రి పెదనాన్న ఫోన్ చేసి ఇది చెబుతుంటే నాకు నవ్వూ కంగారూ ఒకేసారి వచ్చాయి. హార్డ్ డిస్క్ పోతే మరి దేన్ని ఫార్మాట్ చేస్తాడు?

ఆ అబ్బాయిని తిట్టుకోవడానికి లేదు. రోజుకి పది లాప్‌టాప్‌లు చూసేవాడికి రోగం కనిపెట్టడం కన్నా కొత్త ప్రాణం పోయడం తేలిక. కనిపెట్టడానికి రెండు గంటలు పడితే ఆ రెండు గంటలకి ఎవరూ డబ్బులివ్వరు. ఫార్మాట్‌కి ఇస్తారు. అక్కడే ఉంది తిరకాసంతా.

"పెదనాన్నా, ఎక్కడి దాకా వచ్చి ఆగుతోంది?" అన్నాను.

"వస్తోందమ్మాయ్, పోతోంది. వస్తోంది, పోతోంది."

వీడియో కాల్ పెట్టించాను. లోగో వచ్చింది. తర్వాత తెల్ల అక్షరాల్లో ఏదో లైను. పెదనాన్న చటుక్కున ఎఫ్1 నొక్కాడు. విండోస్ గుర్తు మెరిసింది. రెప్పపాటు నీలం తెర. మళ్లీ మొదటి నుంచి లోగో.

"ఆ తెల్ల అక్షరాలేంటి?"

"ఎఫ్1 నొక్కమంటోంది, నొక్కుతున్నా. పండగయ్యాక వచ్చి తెరిచినప్పట్నుంచీ అదే అడుగుతోంది."

ఈసారి నొక్కకుండా ఆపమన్నాను. సీమాస్ చెక్‌సమ్ తప్పింది, తేదీ, సమయం సెట్ చేయండి అని ఉంది. ఇక ఆ నీలం తెర. కంటికి అందదు, ఎక్స్‌పీ అలా పడిపోయిన వెంటనే తనంతట తానే రీస్టార్ట్ అయిపోతుంది. మీ ఫోన్‌లో స్లో మోషన్ వీడియో ఉంటుంది కదా, పెళ్లిళ్లలో తలంబ్రాలు తీసుకోవడానికి వాడతాం, దాన్ని ఇక్కడ వాడండి. పెదనాన్న కొడుకు చేత తీయించి, పంపించుకుని, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ పోతే కోడ్ దొరికింది. వరసగా సున్నాలు, చివర 7బీ.

ఈ 7బీకి అర్థం, విండోస్ సగం లేచి తన డిస్క్‌ని తనే అందుకోలేకపోయింది అని. డిస్క్ చచ్చిపోయినా అలాగే వస్తుంది. డిస్క్ నిక్షేపంగా ఉండి, దాని దగ్గరకి వెళ్లే దారి మారిపోయినా అలాగే వస్తుంది. టెక్నీషియన్ మొదటిది అనుకున్నాడు. నాకు ఆ తేదీ గొడవ చూశాక రెండోదాని మీద అనుమానం.

"నేను శనివారం పొద్దున్నకల్లా వస్తా. అప్పటిదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకండి."

"మరి ఆవిడ సోమవారం వస్తానంది," అన్నాడు. గొంతు చిన్నదైంది. ఆర్డరు పోతుందని కాదు. ఉంటుందని మాటిచ్చాడు.

శుక్రవారం రాత్రి మియాపూర్‌లో బస్సెక్కాను. బ్యాగులో రెండు బట్టలు, ఒక స్క్రూడ్రైవర్ సెట్టు, లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. నేను వెళ్లేసరికి టెక్నీషియన్ కూడా ఉన్నాడు, ఏం చేస్తానో చూద్దామని. "మీరు సాఫ్ట్‌వేర్ కదా మేడం, ఇది హార్డ్‌వేర్," అన్నాడు. నేను చదివింది ఈసీఈ అని చెప్పాలనిపించింది గానీ, బీటెక్‌లో మల్టీమీటర్ పట్టుకున్నది ల్యాబ్ ఎగ్జామ్ రోజునే కాబట్టి ఊరుకున్నాను.

ముందు రిపేరు చేయలేదు. ఎవరైనా ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తు పెట్టుకుంటారంటే ఇది పెట్టుకోండి. డిస్క్ మీద అనుమానం ఉన్నప్పుడు మొదటి పని కాపీ తీసుకోవడం. స్కాన్ డిస్క్‌లూ, రిపేర్ ఆప్షన్లూ అన్నీ తర్వాత. పోయే ప్రాణంతో ఉన్న డిస్క్‌ని రిపేరు పేరుతో అటూ ఇటూ పరిగెత్తిస్తే ఉన్నది కాస్తా పోవచ్చు.

పెన్‌డ్రైవ్‌లోంచి లినక్స్ లేచింది. డిస్క్‌ని జోలికి పోకుండా, పెన్‌డ్రైవ్‌లోనే, ర్యామ్‌లోనే నడుస్తుంది అది. డిస్క్ గుర్తు మీద నొక్కాను. తెరుచుకుంది. ఒకదాని కింద ఒకటి ఫోల్డర్లు. 2009 పెళ్లిళ్లు, 2010 పెళ్లిళ్లు, పెద్దకర్మలు, సర్పంచ్ ఎలక్షన్, చర్చి, దసరా. డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్ట్ కూడా చూశాను, పాడైన సెక్టార్లు లేవు. పదహారేళ్ల డిస్క్‌కి ఇది ఘనతే. టెక్నీషియన్ కుర్చీ దగ్గరికి జరిగాడు. పెదనాన్న ఏమీ అనలేదు, టీ చెప్పడానికి బయటికి వెళ్లాడు.

38 జీబీ. పాత యూఎస్‌బీ 2 పోర్టు, చిన్న చిన్న ఫైళ్లు వేలకి వేలు. గంటన్నర పట్టింది.

ఇక్కడో హెచ్చరిక. మీ దగ్గర ఉన్నది విండోస్ 11 లాప్‌టాప్ అయితే ఈ పెన్‌డ్రైవ్ మంత్రం ఇంత తేలిగ్గా పారకపోవచ్చు. కొత్తవాటిలో చాలావరకు డిస్క్‌ని బిట్‌లాకర్‌తో తాళం వేసే ఇస్తున్నారు. దొంగ ఎత్తుకెళ్తే మంచిదే, మీకే అవసరం పడితే 48 అంకెల రికవరీ కీ కావాలి. అది మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటుంది. లాప్‌టాప్ బాగున్నప్పుడే, అంటే ఈ రాత్రే, ఒకసారి వెతికి కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆ లాప్‌టాప్‌లోనే సేవ్ చేసుకోకండి, మీకు పుణ్యముంటుంది.

కాపీ అయ్యాక అసలు విషయానికి వచ్చాం. బయాస్ తెరిచి చూస్తే తేదీ 2009 జనవరి 1. మదర్‌బోర్డు మీద గుండ్రటి బిళ్ల బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్2032. ఇరవై మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, అందుకే ఆ నంబరు. లాప్‌టాప్ ఆపేసి ఉన్నప్పుడు గడియారం నడిపేది, బయాస్ సెట్టింగులు గుర్తుపెట్టుకునేది దాని బలంతోనే. ప్లగ్గులో ఉన్నంతసేపూ దానికి పని పడదు. అది ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. పెద్ద బ్యాటరీ కూడా లేదు. అయినా ప్లగ్గు పీకేవాళ్లు లేరు కాబట్టి, కరెంటు పోయినా ఇన్వర్టరు ఉంది కాబట్టి, ఎవరికీ తెలియలేదు. సంక్రాంతికి వారం పాటు అన్నీ ఆపేసరికి లాప్‌టాప్ సమస్తం మరిచిపోయి, ఫ్యాక్టరీలో పుట్టిన రోజుకి వెళ్లిపోయింది.

దానివల్ల విండోస్ ఎందుకు పడిపోవాలి? హార్డ్ డిస్క్‌తో మాట్లాడడానికి ఆ బయాస్‌కి రెండు భాషలొచ్చు. పాతది ఐడీఈ, కొత్తది ఏహెచ్‌సీఐ. ఎక్స్‌పీ పుట్టేనాటికి రెండోది లేదు, డ్రైవర్ విడిగా ఎక్కిస్తే తప్ప దానికి అర్థం కాదు. 2009లో ఎవరో తెలిసిన కుర్రాడు ఎక్స్‌పీ వేస్తూ దీన్ని ఐడీఈకి మార్చి ఉంటాడు. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు, బయాస్‌కి తప్ప. ఇప్పుడు అదీ మరిచిపోయింది. లినక్స్‌కి రెండు భాషలూ వచ్చు కాబట్టి దానికి డిస్క్ కనబడింది.

ఏహెచ్‌సీఐని ఐడీఈ చేశాను. తేదీ సరిచేశాను. సేవ్ చేసి ఎఫ్10.

లోగో. విండోస్ గుర్తు. దాని కింద నీలం గీతలు కుడివైపుకి జరుగుతూ, జరుగుతూ. తర్వాత ఆ పచ్చటి కొండ, నీలాకాశం. ఎక్స్‌పీ పాట వచ్చింది. పక్కన మెడికల్ షాపాయన కూడా తొంగిచూశాడు.

బిళ్ల తీసి కొలిస్తే 1.2 వోల్టులు, ఉండాల్సింది 3. రోడ్డవతల వాచీల షాపులో కొత్తది నలభై రూపాయలు. ర్యామ్ మూత కిందే సాకెట్లో ఉంది కాబట్టి మార్చడం తేలికైంది, కొన్నిట్లో కీబోర్డు దాకా విప్పాలి. టెక్నీషియన్ అబ్బాయి ఆ ఐడీఈ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. "ఇలాంటివి రెండు ఫార్మాట్ చేసేశాను మేడం పోయిన నెల్లో," అన్నాడు. పెదనాన్న ఆయనకి రెండొందలిచ్చాడు, వద్దన్నా వినకుండా. నాకు పులిహోర పొట్లం కట్టించాడు.

ఆదివారం మధ్యాహ్నానికి ఇంకో కాపీ కూడా తీసి బయాస్ సెట్టింగుల కాగితం లాప్‌టాప్ అడుగున అంటించాను. ఒక డిస్క్ షాపులో, ఒకటి ఇంట్లో బీరువాలో. పై అరలో.

సోమవారం సెలవు పెట్టి ఉండిపోయాను. ఆవిడ పదకొండింటికి వచ్చింది. పెదనాన్న 2017 పెద్దకర్మల ఫోల్డర్ తెరిచి, ఇంటిపేరుతో వెతికి, ఫొటో తెర నిండా పెట్టాడు. నెరిసిన మీసం, గళ్ల చొక్కా, జేబులో పెన్ను. వెనక ఎవరిదో ట్రాక్టరు.

ఆవిడ దగ్గరికొచ్చి చూసింది. "ఈ చొక్కా మా అమ్మాయి కుట్టింది. టైలరింగ్ నేర్చుకునేటప్పుడు. కాలరు చూడండి, వంకరగా లేదూ?"

నిజంగానే వంకరగా ఉంది. వెనక ట్రాక్టరు తీసేయనా అని అడిగాడు పెదనాన్న. తీసెయ్యమంది. కాలరు సరిచేయనా అంటే వద్దంది. కార్డులు మూడొందలు, లోపల పేర్లు రాసిన కాగితం ఇచ్చింది, ఇదే ఫొటో ఫ్రేము సైజులో ఒకటి కావాలని కూడా అడిగింది. కలర్ ప్రింటర్‌లో ఇంకు అయిపోయింది, రేపు రమ్మన్నాడు.